నివురుగప్పిన నిప్పు నడిచిన దారి

అయిజ తిక్కవీరేశ్వరస్వామి జాతరలో బండలాగుడు పోటీ చూసినవాళ్లను కదిపి చూడండి. ఏ జత గెలిచిందో చెబుతారు. ఆ ఎద్దులు ఏ ఊరివో, ఎంతకు కొన్నారో, పోటీకి ముందు ఉలవలు ఎంత పెట్టారో కూడా చెబుతారు. ఆ బండ ఏం రాయి అని అడిగితే మాత్రం మీ వైపు అదోలా చూస్తారు. బండ బండే, దాన్ని లాగాలి, అంతే. నేనూ ఏళ్ల తరబడి ఆ గుంపులో నిలబడి ఎద్దులనే చూశాను.

బండ మీదికి చూపు మళ్లడానికి కారణం ఐస్‌లాండ్. ఒక పాత స్నేహితుడు అక్కడికి వెళ్లొచ్చి ఫోన్లో ఫొటోలు చూపించాడు. రేక్యానెస్ అనే చోట గడ్డకట్టిన లావా మీద గంటల తరబడి నడిచి, సముద్రపు ఒడ్డున ఒంటరిగా నిలబడ్డ తెల్లటి లైట్‌హౌసు దగ్గరికి చేరారట. అక్కడ 1878లో కట్టిన మొదటి లైట్‌హౌసును భూకంపాలు దెబ్బతీశాయి. ఇప్పుడున్నది 1908 నాటిది. ఫొటోలు బాగున్నాయి. వాటి తర్వాత వాడన్న మాటే బాగాలేదు. "మన దిక్కు ఏముంది ర? రాళ్లు, చెల్కలు."

ఆ రాళ్ల సంగతే చెబుదామని ఈ వ్యాసం. అయిజకు లైట్‌హౌసు లేదు, సముద్రం అసలే లేదు. కానీ లావా ఉంది. ఐస్‌లాండ్‌లో కాలికి తగిలే రాయి మహా అయితే కోటిన్నర, కోటీ అరవై లక్షల ఏళ్లది. మన దగ్గరున్నది దాదాపు 270 కోట్ల ఏళ్లది.

కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నేలను మేం నడిగడ్డ అంటాం. ఇందులో ఎక్కువ భాగం గ్రానైటు, దాని దాయాది నైస్ రాయి. ఎవరో పేర్చి మరిచిపోయినట్టుండే గుండ్రాళ్ల గుట్టలన్నీ అవే. అయిజ నుంచి ఈశాన్యంగా గద్వాల వైపు బయలుదేరితే నేల రంగు మారే చోటొకటి వస్తుంది. గుండ్రాళ్లు పోయి, కరకు అంచులతో నల్లగా, వెన్నెముకలా పొడుచుకొచ్చిన చిన్న చిన్న వరస గుట్టలు మొదలవుతాయి. భూవిజ్ఞానులు దీన్ని గద్వాల షిస్టు పట్టీ అంటారు, పచ్చరాతి పట్టీ అని కూడా అంటారు. సన్నగా ఉత్తర దక్షిణాలుగా సాగి, తుంగభద్ర దాటి, కర్నూలు జిల్లా వెల్దుర్తి వైపు పోతుంది. బస్సు కిటికీలోంచి చూస్తే ఏమీ అనిపించదు. దిగి నడవాలి.

నేను నడిచింది కోతలు అయిపోయాక, ఎండ ఇంకా ముదరని రోజుల్లో. తంగేడు పొదల మధ్య గుట్ట ఎక్కుతుంటే కాలికింద రాయి గ్రానైటులా మూగగా ఉండదు, కంచులా ఖంగుమంటుంది. పైపొర తుప్పు పట్టిన నాగటి కర్రు రంగు. సుత్తితో ఒక పెచ్చు లేపి చూస్తే లోపల ముదురు పచ్చ. ఒకప్పుడు నల్లటి బసాల్టు. భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ ఉడికి, అందులోని ఖనిజాలు క్లోరైటుగా, హార్న్‌బ్లెండుగా మారడంతో ఈ పచ్చదనం వచ్చింది. కొన్నిచోట్ల వేలితో గీరితే పొరలు పొరలుగా ఊడొస్తుంది. షిస్టు అంటే అదే.

పక్క చేన్లో సీడు పత్తి కట్టె పీకుతున్న పెద్దాయన నన్ను చాలాసేపు గమనించి కేకేశాడు.

"ఏం సారూ, బంగారం సర్వేకొచ్చిండ్రా?"

నవ్వులాటకన్న మాటేమీ కాదు. ఇలాంటి పచ్చరాతి పట్టీల్లోనే మన దగ్గర బంగారం దొరుకుతుంది. పడమట రాయచూరు జిల్లాలోని హట్టి గని ఇలాంటి పట్టీలోనిదే, దక్షిణాన కర్నూలు జిల్లా జొన్నగిరి కూడా. గద్వాల పట్టీలోనూ వెతుకులాట జరిగింది. పెద్దాయనకు బంగారం కాదు, లావా అని చెప్పాను. "లావంటే?" అన్నాడు. భూమిలోంచి కరిగి పొంగిన రాయి అన్నాను. "ఈడనా?" అని గుట్ట వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ కట్టె పీకుడులో పడ్డాడు. ఆయన్ని నమ్మించడం నా వల్ల కాలేదు. తప్పు ఆయనది కాదు, అక్కడ అగ్నిపర్వతం ఆకారమే లేదు. ఉండదు కూడా. 270 కోట్ల ఏళ్లలో ఎండావానలు కొండలను అరగదీసి, వాటి కింద కిలోమీటర్ల లోతున ఉన్న పునాదిని బయట పెట్టాయి. మనం నడుస్తున్నది ఆ పునాది మీద.

ఇంకో వింత ఉంది. అది నేల మీద పొంగిన లావా కాదు, సముద్రం అడుగున పొంగింది. ఎలా తెలుస్తుందంటే, నీళ్లలోకి వచ్చిన లావా పారలేదు. బయటికి రాగానే పైన గాజులాంటి పొర బిగుసుకుంటుంది, లోపల ఇంకా ద్రవం. పొర చిట్లి కొత్త ముద్ద ఉబుకుతుంది, దాని మీదా పొర. ఇలా ముద్ద మీద ముద్ద పడి గుట్టవుతుంది. వీటిని దిండు లావాలంటారు. నాకు మాత్రం జిన్నింగు మిల్లు ముందు దించిన పత్తి బస్తాలు గుర్తొస్తాయి. బస్తా మీద బస్తా వేస్తే పైదాని అడుగు కింది రెండింటి సందులోకి తోకలా దిగుతుంది, పై భాగం ఉబ్బుగా ఉంటుంది. రాతిలోనూ అంతే. కాబట్టి పొరలు ఎంత తలకిందులైనా, తోక ఎటు దిగిందో చూసి అప్పట్లో పై వైపు ఏదో చెప్పేయొచ్చు. ఈ ఆకారాలు చక్కగా చూడాలంటే కర్ణాటకలోని చిత్రదుర్గం దగ్గర మరడిహళ్లికి పోవాలి, దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా కాపాడుతున్నారు. మన వైపు రాయి బాగా నలిగింది, బస్తాల మీది నుంచి లారీ పోయినట్టు సాగి చదునైంది.

గద్వాల పట్టీకి ప్రపంచంలో పేరు తెచ్చింది ఇది కూడా కాదు. 2005లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు సి. మాణిక్యాంబ, ఎస్.ఎం. నఖ్వీ, వారి సహచరులు ఇక్కడ బోనినైటు అనే రాయి ఉందని ప్రకటించారు. ఈ పేరు పసిఫిక్ మహాసముద్రంలో, టోక్యోకు దక్షిణంగా 1,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న బోనిన్ దీవుల నుంచి వచ్చింది. బోనిన్ అంటే మనుషులు లేని చోటని అర్థమట. అక్కడి చిచిజిమ దీవి ఒడ్డున ఈ లావా దిండ్లు దిండ్లుగా కనిపిస్తుంది.

బోనినైటు ఎందుకంత అరుదో మన వంటింటి లెక్కలో చెప్పుకోవచ్చు. భూమి పైపెంకు కింద ఉండే మాంటిల్ ఒకసారి కరిగి బసాల్టును ఇచ్చేస్తే, మిగిలింది వడగట్టిన చాయ్‌పత్తి లాంటిది. అది మళ్లీ దిగాలంటే నీళ్లు పోసి మరిగించాలి. మాంటిల్‌కు ఆ నీళ్లు ఎక్కడివి? ఒక సముద్రపు ఫలక ఇంకో దాని కిందికి దిగబడినప్పుడు, తనతో పాటు తడిసిన రాళ్లను లోపలికి తీసుకుపోతుంది. ఆ తేమ తగిలి, సారం పోయిన మాంటిల్ రెండోసారి కరుగుతుంది. అలా వచ్చిన లావాలో మెగ్నీషియం ఎక్కువ, సిలికా కూడా ఎక్కువ, టైటానియం చాలా తక్కువ. ఈ మూడూ ఒకచోట కుదరడం అరుదు. బోనిన్ దీవుల్లో ఇది జరిగి దాదాపు 5 కోట్ల ఏళ్లు. గద్వాల దగ్గర ఆ గుర్తులే దొరికాయంటే, 270 కోట్ల ఏళ్ల కిందటే ఫలకలు ఒకదాని కిందికి ఒకటి దిగేవన్నమాట. భూమి పైపెంకు కదలికలు ఎప్పుడు మొదలయ్యాయన్నది భూవిజ్ఞానంలో ఇంకా తెగని పంచాయతీ. అందులో సాక్ష్యం చెప్పేవాళ్లలో మా గద్వాల కూడా ఉంది.

సరే, సముద్రం ఉండేది, అగ్నిపర్వతాల దీవులుండేవి. ఇక లైట్‌హౌసు మాటేమిటి? దానికోసం ఇంకో లావా, దక్కను లావా వెంట పోవాలి.

ఇక్కడ ఒక పొరపాటు సర్దాలి. బళ్లో చదువుకున్న గుర్తుతో చాలామంది నల్లరేగడి కనిపిస్తే చాలు, అది దక్కను లావా అరిగిన మట్టి అంటారు. మహారాష్ట్రలో నిజమే. నడిగడ్డలోని రేగడికి ఆ లావాతో పనే లేదు. గ్రానైటు ప్రాంతంలోనూ నీరు నిలిచే పల్లపు చోట్ల, సున్నం ఎక్కువున్న చోట్ల నల్లరేగడి తయారవుతుంది. ఎండాకాలం దాంట్లో చెయ్యి పట్టేంత పగుళ్లు రావడానికి కారణం రాయి వయసు కాదు, నీళ్లు తాగి ఉబ్బి, ఎండితే ముడుచుకుపోయే స్మెక్టైటు బంకమట్టి. దక్కను లావా నేల మీద కనబడాలంటే మనం ఉత్తరానికి, వికారాబాదు, జహీరాబాదు వైపు పోవాలి. లేదా నేరుగా తూర్పున, గోదావరి గట్టుకు.

నేను గోదావరి వైపే పోయాను. కొవ్వూరు దాటి దేవరపల్లి వైపు వెళ్తుంటే పంగిడి, గౌరీపట్నం వస్తాయి. నిర్మలగిరి మేరీమాత గుడికి వెళ్లేవాళ్లకు ఈ దారి తెలుసు, టిప్పర్ల డ్రైవర్లకు ఇంకా బాగా తెలుసు. రెండు జిల్లాల రోడ్లకు కంకర ఇక్కడి నల్లరాతి క్వారీల నుంచే పోతుంది. క్వారీ అంచున నిలబడి ఎదురుగా ఉన్న గోడను చూశాను. కింద నల్లటి రాయి, నిలువుగా చీలి స్తంభాలు స్తంభాలుగా ఉంది. లావా చల్లారుతూ ముడుచుకున్నప్పుడు రేగడి పగిలినట్టే పగులుతుంది, ఆ పగుళ్లు కిందికి దిగితే ఇలా కంబాలవుతాయి. దాని మీద తెల్లటి, పసుపుపచ్చటి పొర. ఆ పైన మళ్లీ నల్లరాయి. కంకర మిల్లు దుమ్ములో కళ్లు చికిలించుకుని చూస్తే ఇంతే. కానీ ఆ నల్లరాయి అక్కడ పుట్టింది కాదు.

గోదావరికి అటు కాతేరులో, ఇటు పంగిడి, దుద్దుకూరుల్లో కనిపించే ఈ రాళ్లను రాజమండ్రి ట్రాప్స్ అంటారు. 19వ శతాబ్దం నుంచే వీటి గురించి రాస్తున్నారు. చుట్టుపక్కల ఎక్కడా అగ్నిపర్వతపు నోరు లేదు, దక్కను లావా పీఠభూమి అంచు ఇక్కడికి నాలుగు వందల కిలోమీటర్ల దూరం. మరి ఇదెక్కడిది? స్థానికంగానే ఏదో చీలికలోంచి పొంగి ఉంటుందని కొందరన్నారు. రసాయన పరీక్షలు వచ్చాక జవాబు మారింది. రాతిలో స్ట్రాన్షియం ఐసోటోపుల పాళ్లు, టైటానియం, బేరియం లెక్కలు మనిషి వేలిముద్రల్లాంటివి. పంగిడి రాయి వేలిముద్ర పశ్చిమ కనుమల్లోని అంబెనళి, మహాబలేశ్వర్ లావా పొరల వేలిముద్రతో సరిపోయింది.

ఇంకో సాక్ష్యం కూడా కుదిరింది. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూమి అయస్కాంత దిశను పట్టుకుని ఉండిపోతాయి. భూమి ఉత్తర దక్షిణ ధ్రువాలు అప్పుడప్పుడూ తారుమారవుతుంటాయి. రాజమండ్రి కింది పొర తారుమారైన కాలం నాటిది, పై పొర ఇప్పటిలా ఉన్న కాలం నాటిది. మహాబలేశ్వర్ కొండల్లోనూ కింద అంబెనళి తారుమారు, పైన మహాబలేశ్వర్ పొర మామూలు. 2008లో భూవిజ్ఞాని స్టీఫెన్ సెల్ఫ్ బృందం ఈ ఆధారాలన్నీ కలిపి, ఇవి భూమ్మీద మనకు తెలిసిన వాటిలో అన్నిటికన్నా పొడవైన లావా ప్రవాహాలు కావచ్చని రాసింది. మహాబలేశ్వర్ నుంచి రాజమండ్రికి గీత గీస్తేనే 850 కిలోమీటర్ల పైచిలుకు. వంకలు కలిపితే వెయ్యి దాటుతుంది.

వెయ్యి కిలోమీటర్లు! 1783లో ఐస్‌లాండ్‌లోని లాకి దగ్గర చీలిక తెరుచుకుని ఎనిమిది నెలల పాటు లావా కక్కింది, ఆ దేశ జనాభాలో దాదాపు ఐదో వంతు ఆ తర్వాతి కరువులో పోయారు. మనుషులు కళ్లారా చూసి రాసుకున్న పెద్ద లావా ప్రవాహం అదే. అది కూడా వంద కిలోమీటర్లు దాటలేదు. మరి మన లావా ఆరిపోకుండా గోదావరి ఒడ్డు దాకా ఎలా వచ్చింది?

తెలుగువాడికి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. నివురుగప్పిన నిప్పు. రాత్రి పొయ్యిలో కణకణలాడే బొగ్గుల మీద బూడిద కప్పితే తెల్లారేదాకా ఆరవు. రాయి కూడా బూడిద లాగే వేడిని బయటికి పోనివ్వదు. పొంగిన లావా పైన గంటల్లో గట్టి పెచ్చు కడుతుంది, లోపల దాదాపు 1,150 డిగ్రీల ద్రవం. వెనక నుంచి కొత్త లావా వస్తూనే ఉంటుంది, పెచ్చును పగలగొట్టదు, దాని కిందికి దూరి పైకి లేపుతుంది. అట్టు మీద అట్టు పోసినట్టు కాదు, పూరీ పొంగినట్టు. ముందు చివర చిట్లి కొన్ని అడుగులు పాకుతుంది, అక్కడా పెచ్చు కడుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. చూసేవాడికి అది పారుతున్నట్టే కనబడదు. మనిషి నడక కంటే చాలా నెమ్మది. కానీ లోపల దారి తెరిచే ఉంటుంది.

హవాయిలో ఇలాంటి లావా సొరంగాల్లో కొలిచి చూస్తే కిలోమీటరుకు ఒక డిగ్రీ అటూ ఇటుగా వేడి తగ్గుతుంది. ఆ లెక్క ప్రకారం వెయ్యి కిలోమీటర్లు కుదరదు, మధ్యలోనే గడ్డకట్టాలి. కానీ హవాయి సొరంగాలు మీటర్ల మందం, దక్కను పొరలు పదుల మీటర్ల మందం. పెద్ద గుండిగలో పాలు చిన్న గిన్నెలో పాల కన్నా ఎంత ఆలస్యంగా చల్లారతాయో అందరికీ తెలుసు. ఇంకో వెసులుబాటు పల్లం. అప్పటికే పశ్చిమం నుంచి తూర్పుకు నదులుండేవి. లావా బయల్లో పలచగా పరుచుకోకుండా ఆ లోయల్లో పడి, కాలువలో నీళ్లు మళ్లినట్టు మళ్లింది. ఏ లోయ, ఎన్ని మలుపులు అనేది మాత్రం రాళ్లు మిగిల్చిన చోట్ల పట్టి ఊహించడమే, మధ్యలో ఉన్నదంతా అరిగిపోయింది.

క్వారీ గోడలో ఆ తెల్లటి పొర దగ్గరికి మళ్లీ వద్దాం. అది రెండు లావాల నడుమ పేరుకున్న సున్నపురాయి, బంకమట్టి. అందులో గుల్లలున్నాయి. సముద్రపు ఆల్చిప్పలు, మర మేకులా మెలితిరిగిన గవ్వలు, ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే చోట బతికే జీవాలు, నాచు అవశేషాలు. రాలిపడ్డ ఒక పెచ్చులో గోరంత గుల్ల అంచు నా వేలికి తగిలింది. అంటే ఆ లావా వచ్చి ఆగింది ఒక నది సముద్రంలో కలిసే చోట. అప్పటి సముద్రపు ఒడ్డు పంగిడి. అప్పట్లో లైట్‌హౌసు కట్టేవాళ్లుంటే ఇక్కడే కట్టేవాళ్లు.

ఆ పొరలోని సూక్ష్మజీవుల గుల్లలు చెప్పేది ఇంకా ఉంది. భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందం, చమురు బావుల నుంచి తీసిన నమూనాలు కూడా కలుపుకుని, అవి డైనోసార్లు పోయిన వెంటనే, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాడు, సముద్రంలో కొత్తగా తలెత్తిన జీవులని తేల్చింది. కింది లావా ఆగేసరికి పాత ప్రపంచం ముగిసింది. పై లావా వచ్చేసరికి కొన్ని లక్షల ఏళ్లు గడిచాయి. డైనోసార్లను చంపింది మెక్సికో దగ్గర పడ్డ ఉల్కా, దక్కను లావా విషవాయువులా, రెండూ కలిసా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఉల్క పక్షం వాళ్లు ఎక్కువ. నాకు మాత్రం టిప్పర్లో పోతున్న ఆ కంకరను చూస్తే ఆ వాదనలోని ఒక కాగితం రోడ్డు కింద పరుస్తున్నట్టు అనిపించింది.

పంగిడి నుంచి సముద్రం ఇప్పుడు ఎంతో దూరం. గోదావరి తెచ్చి పోసిన మట్టితో ఒడ్డు జరుగుతూ జరుగుతూ అంతర్వేది దాకా పోయింది. నరసాపురంలో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరిని దాటి, సఖినేటిపల్లి వైపు దిగి, లక్ష్మీనరసింహస్వామి గుడి మీదుగా కొబ్బరి తోటలు, సరుగుడు చెట్లు దాటి నడిస్తే లైట్‌హౌసు వస్తుంది. ఇంకా ముందుకు పోతే అన్నాచెల్లెళ్ల గట్టు, నది నీళ్లూ సముద్రపు నీళ్లూ ఎదురెదురుగా వచ్చి గీత గీసినట్టు కనిపించే చోటు. ఐస్‌లాండ్ లాగా లావా గుట్టలు ఎక్కడా లేవు, అంతా చదును. అసలు లైట్‌హౌసు అక్కడ కావలసి వచ్చిందే ఆ చదును వల్ల.

విశాఖలో డాల్ఫిన్ నోస్ కొండ ఉంది, ఓడ దూరం నుంచే దాన్ని గుర్తుపడుతుంది. కోనసీమ ఒడ్డున అలాంటి ఆనవాలు ఏదీ లేదు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఎంత ఎత్తు నుంచి చూస్తే అంత దూరం కనబడుతుంది. లెక్క తేలిక: ఎత్తును మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. 40 మీటర్ల ఎత్తున దీపం ఉంటే దాని దిక్చక్రం 22 కిలోమీటర్ల పైన. ఓడ మీద 10 మీటర్ల ఎత్తున నిలబడ్డవాడికి ఇంకో 11. మొత్తం దాదాపు 34 కిలోమీటర్ల దూరం నుంచి ఆ వెలుగు కంటపడుతుంది. ఏ లైట్‌హౌసు మెరుపు తీరు దానిదే, ఎన్ని మెరుపులు, ఎన్ని సెకన్లకోసారి అన్నది చూసి ఇది అంతర్వేదా, ఇదే ఒడ్డున ఉన్న సాక్రమెంటో లైట్‌హౌసా అని చార్టులో పోల్చుకుంటారు.

లావా మాత్రం పంగిడిలో ఆగిపోలేదు. అది కిందికి దిగింది. చమురు కోసం ఓఎన్‌జీసీ తవ్విన బావుల్లో, రాజోలు, నరసాపురం, పాలకొల్లు చుట్టూ, రెండు మూడు కిలోమీటర్ల లోతున అదే బసాల్టు తగిలింది. దానికి భూవిజ్ఞానులు పెట్టిన పేరు రాజోలు ఫార్మేషన్. నేల కుంగుతూ, పైన మట్టి పడుతూ, మహాబలేశ్వర్ నుంచి వచ్చిన నిప్పు ఇప్పుడు కొబ్బరి తోటల కింద అంత లోతున చల్లగా పడుకుంది. లైట్‌హౌసు నీడలో నిలబడితే మన కాలికింద మొదట ఇసుక, తర్వాత ఒండ్రు, తర్వాత ఇంకా చాలా ఒండ్రు, అటు తర్వాత లావా.

సాయంత్రం ఒడ్డున ఇసుకలో అక్కడక్కడా నల్లటి చారలు కనబడ్డాయి. అల వెనక్కి పోతూ తేలిక ఇసుకను లాక్కుపోయి బరువైన రేణువులను వదిలేస్తుంది. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి తెచ్చుకున్నాను. చార మీద ఆనించి లేపితే నల్లటి ముళ్లు లేచినట్టు రేణువులు అంటుకున్నాయి. మాగ్నటైటు. గార్నెట్ల లాంటివి తూర్పు కనుమల నుంచి వచ్చినా, ఈ నల్ల రేణువుల్లో కొంత త్ర్యంబకం నుంచి 1,465 కిలోమీటర్లు గోదావరి దొర్లించుకొచ్చిన దక్కను బసాల్టుది. నిప్పుగా ఒకసారి, ఇసుకగా ఇంకోసారి, అదే రాయి రెండుసార్లు సముద్రానికి వచ్చింది. కాగితం తీస్తే రేణువులన్నీ జలజలా రాలాయి, వాటిని పొట్లం కట్టుకున్నాను. అప్పటికి దీపం వెలిగింది.

అయిజకు చేరేసరికి రెండో రోజు మధ్యాహ్నం. అమ్మ సంచి విప్పి పొట్లం తీసింది.

"ఏంది రా ఇది? ప్రసాదమా?"

"ఇసుక, అమ్మా. సముద్రంది."

"అంత దూరం పోయి మన్ను తెచ్చినవా?" అని పొట్లం కట్టేసి, గద్వాల గుట్ట నుంచి నేను తెచ్చి పెట్టుకున్న పచ్చరాయి పక్కనే గూట్లో పెట్టింది.